రాపూరు ఘాట్‌లో సైకిల్ తొక్కినోళ్ళు ఎవరన్నా ఉండారా?

మైపాడు_ఆదివారం:
అన్నా అందరికీ నమస్తే. మాది నెల్లూరు, వయసు 41, రెండేళ్ళ నించి ఆదివారం పొద్దున్నే మైపాడు బీచ్ దాకా పోయి రావడమే నా సైక్లింగ్ అంతా, ఆ రోడ్డులో ఎత్తు అంటే కాలవ మీద బ్రిడ్జే. పోయిన నెల గేర్ల సైకిల్ కొన్నా, ముందర 2 వెనక 8, ఇంట్లో ఆవిడ "మైపాడు పొయ్యేదానికి ఇన్ని గేర్లు ఏం చేసుకుంటావు" అనింది, నా దగ్గర సమాధానం లేదు. అందుకని ఒకసారి కొండ ఎక్కి చూపించాలని ఉండాది. హైవే మీద మాత్రం తొక్కను సామీ, లారీ గాలికే సైకిల్ పక్కకి పోతాది. నాకు కావాల్సింది బళ్ళు తక్కువ, చెట్లు, మిట్టలు. గుడి ఉండే పెంచలకోన పోదామా లేకపోతే రాపూరు నించి చిట్వేలి పొయ్యే ఘాట్ ఎక్కుదామా? చిరుతలు ఎలుగులు ఉంటాయంటారు నిజమేనా? ఏ నెలలో బాగుంటాది? తొక్కినోళ్ళు చెప్పండి, మ్యాప్ చూసి చెప్పేవాళ్ళు వద్దు, తిట్టుకోబాకండి.

పొదలకూరు_నిమ్మతోట:
నాలుగైదు సార్లు ఎక్కినా. ముందు ఒక మాట, నెల్లూరు నించి తొక్కుకుంటా రాబాకన్నా. పొదలకూరు మీదుగా రాపూరుకి దగ్గర దగ్గర 70 కిలోమీటర్లు, ఘాట్ కాడికి వచ్చే టయానికి ఎండ నెత్తికెక్కి కాళ్ళలో సత్తువ అయిపోయుంటాది, అప్పుడు కొండని చూస్తే ఏడుపొస్తాది. నేను సైకిల్‌ని ఆటోలో పడుకోబెట్టుకోని రాపూరు పోయి ఆడ్నించి మొదలుపెడతా.

రాపూరు దాటినాక కొంచెం దూరం తోటలు, ఆ తర్వాత అడివి, ఇంక మలుపులే మలుపులు. చిన్న గేర్లో పెట్టుకోని కూర్చోవడమే, మనల్ని ఎవడూ తరమడంలా కదా. మొదటిసారి ఒక మలుపు కాడ నీళ్ళు తాగేదానికి ఆగినా, చెయిన్ చప్పుడు నా రొప్పు రెండూ ఆగినాక గానీ తెలవలా అడివిలో ఎంత చప్పుడు ఉంటాదో, పక్కన ఎండాకుల మీద ఏదో నడస్తా ఉంది, గుండెకాయ నోట్లోకి వచ్చింది, కాసేపటికి చూస్తే అడివికోడి. తీరుబడిగా రోడ్డు దాటిపోయింది, నేనే ఇంకో పది నిమిషాలు కదల్లా.

రోడ్డు పూర్తిగా ఖాళీ అనుకోబాక, కడప వైపు పొయ్యే బస్సులు, లారీలు వస్తా ఉంటాయి. మలుపులో హారన్ కొడితే అది తిట్టు కాదు, వస్తా ఉండా అని చెప్పడం, అంచుకి జరిగి నిదానంగా పోతా ఉండడమే. పొద్దున 7 నించి 9 లోపల, పనిదినం అయితే, ఒక బండికి ఇంకో బండికి మధ్య బోలెడంత గ్యాప్ దొరుకుతాది. అదే రోడ్డుకి ఆదివారం 11 గంటలకి పోతే నువ్వు నన్ను తిడతావు.

చిరుత, ఎలుగు రెండూ ఉన్నమాట నిజమే, అది పెనుసిల నరసింహ అభయారణ్యం ఉండే కొండ, వెయ్యి చదరపు కిలోమీటర్ల పైనే. నాకు ఇంతవరకూ కనపడలా. తెల్లారకముందు ఎక్కబాక, సాయంత్రం 4 కల్లా కిందికి వచ్చెయ్. చిరుత కన్నా నాకు కోతులంటే భయం, అరటిపండు జేబులో పెట్టుకున్నావా అయిపోయినట్టే. నీళ్ళు 2 లీటర్లు రాపూరులోనే నింపుకో, పైన ఎవురూ ఇయ్యరు.

ఇంకోటి, ఎర్రచందనం అడివి కాబట్టి తనిఖీలు ఉంటాయి. ఒకసారి నా సీటు కింద గుప్పెడంత సంచి కూడా తెరిపించినారు, ఒక ట్యూబు రెండు ప్యాచీలు తప్ప ఏముంటాయి దాంట్లో. నవ్వు ఆపుకోని నిలబడ్డా.

కనిగిరి_కంప:
నేను దోర్నాల నుంచి శ్రీశైలం వైపు ఘాట్ తొక్కా, రాపూరు తొక్కలేదు, కాబట్టి దిగుడు గురించి మాత్రం చెబుతా. అందరూ ఎక్కేదాని గురించే అడుగుతారు, దెబ్బలు తగిలేది దిగేటప్పుడు. మా తమ్ముడు రిమ్ముని పట్టే రబ్బరు బ్రేకుల సైకిల్‌తో దిగుడు పొడుగునా బ్రేకు నొక్కిపట్టుకునే వచ్చాడు, కిందకొచ్చాక రిమ్ముని ముట్టుకుంటే వేలు చుర్రుమంది, ఇంకాస్త దూరం అట్టాగే వచ్చి ఉంటే వేడికి ట్యూబు పేలేదేమో. గట్టిగా నొక్కు, వదులు, మళ్ళా నొక్కు, వెనకదీ ముందుదీ రెండూ. మలుపులోకి దూరకముందే స్పీడు తగ్గించుకోవాలి, మలుపులో కాదు. మనం వెళ్ళేముందు రోజు వాన పడి ఉంటే మలుపుల్లో కొట్టుకొచ్చిన గులకరాళ్ళు ఉంటాయి, చూడ్డానికి ఏమీ ఉండదు, చక్రం పెట్టాక తెలుస్తది.

అయినా మొదటిసారి కదా, నా మాటిని పెంచలకోన వెళ్ళండి బ్రదర్.

పొదలకూరు_నిమ్మతోట:
పెంచలకోన బాగానే ఉంటాది, గోనుపల్లి నించి కొండలు దగ్గరికి వస్తా ఉంటే చూడ్డానికి బో బాగుంటాది, కానీ కోన కాడ రోడ్డు ఆగిపోతాది, వచ్చిన దోవనే తిరిగి రావాలి. శనివారం మాత్రం పోబాక, గుడికి వచ్చే కార్లు. మే నెలలో బ్రహ్మోత్సవాలప్పుడు ఇంక చెప్పేదేముంది. గేర్లు ఎందుకు కొన్నావో ఆవిడకి తెలియాలంటే మాత్రం ఘాటే.

గూడూరు_టు_మాలగ:
మాది గూడూరు, ఉద్యోగం స్పెయిన్‌లో మాలగ ఊర్లో. ఈ పోస్ట్ చూసి ప్రాణం లేచొచ్చింది. ఇక్కడ ఊరి వెనకాలే మాలగ కొండల నేచర్ పార్కు ఉండాది, దాని మధ్యలో కొల్మెనార్ పొయ్యే పాత రోడ్డు, కింద సముద్రం కాడ మొదలుపెడితే పైన కనుమ 900 మీటర్లు దాటుతాది, గంటన్నర పైనే పడతాది నాకు. అంత పెద్ద ఊరి పక్కన ఆ రోడ్డు ఎట్టా ఖాళీగా ఉంటాదని మొదట్లో నాకూ అర్థం కాలా. పక్కన కొత్త మోటార్‌వే వచ్చినాక బళ్ళన్నీ దాంట్లోకి పోయినాయి, పాతది సైకిళ్ళకి మిగిలింది. ఆ పైన్ చెట్లు కూడా వాటంతట అవి మొలిచినవి కావు, వానొస్తే కొండ మీది నీళ్ళన్నీ ఏట్లో పడి ఊరు మునిగిపోతా ఉంటే 1930ల్లో నాటించినారు. ఓవర్‌టేక్ చేసే కారు సైకిల్‌కి 1.5 మీటర్లు దూరం ఇవ్వాలని చట్టం ఉండాది, ఇస్తారు కూడా. అది ఒక్కటే మన ఊరికి తెచ్చుకోవాలని ఉంటాది నాకు.

నెల గురించి అడిగినావు కదా. ఇక్కడా మన నెల్లూరులాగే, ఎండాకాలం అంతా చుక్క పడదు, వానలు చలికాలంలో. మనకి అక్టోబర్ నించి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు, అవి పోయినాక జనవరిలో ఆ ఘాట్ ఉండే వెలిగొండ పచ్చగా ఉంటాది, రోడ్డూ ఆరిపోయుంటాది, అప్పుడు ఎక్కు. మార్చి వచ్చిందంటే ఆ బండలు పొయ్యి మీద పెనాలే.

గేర్ల సంగతి ఒక ముక్క. వెనక అన్నిటికంటే పెద్ద చక్రానికి పళ్ళు లెక్కపెట్టు, 32, 34 ఉంటే నీ మోకాళ్ళు నీకు దండం పెడతాయి, 28 అయితే క్యాసెట్, అంటే వెనక పళ్ళ చక్రాల సెట్టు, మార్పించుకో, పెద్ద ఖర్చేం కాదు.

మైపాడు_ఆదివారం:
ఇప్పుడే లెక్కపెట్టొచ్చినా, 32. రెండుసార్లు లెక్కపెట్టినా, మా పిల్లకాయలు నవ్వుతా ఉండారు. జనవరిలో సంక్రాంతి అయినాక ఒక గురువారం లీవ్ పెడతా. ఘాటే ఖాయం. కనిగిరి అన్నా నీ మాట ఇన్నట్టే, వచ్చే ఆదివారం ముందు పెంచలకోన పోయి బ్రేకులు చూసుకుంటా.

పొదలకూరు_నిమ్మతోట:
గురువారమా, మా తోట నించి ఖాళీ ఆటో రాపూరు వైపు పోతాది అన్నా ఆ రోజు, 5 గంటలకల్లా పొదలకూరు వచ్చేస్తే నీ సైకిల్ నా సైకిల్ రెండూ పడతాయి. ముందు చక్రం ఊడదీసి తీసుకురా. ఇంకోటి, ఆ ఎగువ నించి కనపడే రైలు లైన్ చూడు, కృష్ణపట్నం గూడ్సు బళ్ళు ఇదే వెలిగొండ కింద 6.6 కిలోమీటర్లు సొరంగంలో పోతాయి, 2019లో వేసినారు. మనం రొప్పుకుంటా ఎక్కతా ఉంటే అది కింద నించి కూతేసుకుంటా పోతాది, బలే కడుపుమంటగా ఉంటాదిలే.