వరంగల్‌లోనే ఉండి ట్రేడ్‌మార్క్, కమర్షియల్ కేసులతో బతకొచ్చా?

సుబేదారి జూనియర్:
కాకతీయ యూనివర్సిటీలో లా చేసి, హన్మకొండ కోర్టులో రెండేళ్లుగా జూనియర్‌గా ఉన్నాను. ట్రేడ్‌మార్క్, కాపీరైట్, వ్యాపార బాకీల దావాలంటే నాకు ఇష్టం. ఇంట్లో హైదరాబాద్ పొమ్మంటున్నారు. నాన్నకు ఆరోగ్యం బాగాలేదు, వదిలి పోలేను. ఇక్కడే ఉంటే ఆ పని దొరుకుతుందా?

అదాలత్ పాత కోటు:
దొరకదు తమ్మీ. ముప్పై ఏళ్ల నుంచి చూస్తున్నా. ఇక్కడికి వచ్చేవి భూమి పంపకాలు, చెక్ బౌన్స్‌లు, బెయిళ్లు, యాక్సిడెంట్ కేసులు. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ మనకు చెన్నైలో ఉంది. మాటిమాటికీ చెన్నై రైలెక్కగలిగితేనే ఆ పని పెట్టుకో.

కొత్తవాడ మగ్గం:
మా వరంగల్ దరీలకు 2018లో జీఐ గుర్తింపు వచ్చింది, అంటే ఫలానా ఊరి సరుకు అని ఆ ఊరి పేరుకు చట్టం ఇచ్చే రక్షణ. ఎక్కడో మిషన్ మీద నేసినవి కూడా మా పేరు పెట్టి అమ్ముతున్నారు. ఎవరి దగ్గరికి పోవాలి?

ఓరుగల్లు ఆడబిడ్డ:
సార్, చెన్నై సంగతి పాతబడింది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే వేస్తున్నాం, హియరింగ్ వీడియోలో అయిపోతోంది. ఇక దావా అంటారా, ట్రేడ్‌మార్క్ చట్టం సెక్షన్ 134 ప్రకారం మార్కు యజమాని తాను వ్యాపారం చేసే చోటే జిల్లా కోర్టులో వేయొచ్చు. కమర్షియల్ కోర్టుల చట్టం 2015లో వచ్చినప్పుడు కోటి రూపాయల దావా అయితేనే దాని కిందికి వచ్చేది. 2018లో దాన్ని 3 లక్షలకు తగ్గించారు. ఏనుమాముల మార్కెట్‌లో ఒక్క లారీ మిర్చి బాకీ అంతకంటే ఎక్కువే ఉంటుంది.

అదాలత్ పాత కోటు:
134 నేనూ చదివానమ్మా. 2015లో సంజయ్ దాలియా కేసులో సుప్రీంకోర్టు దానికి కళ్లెం వేసింది. ఇష్టమొచ్చిన ఊళ్లో వేస్తే కుదరదు.

ఓరుగల్లు ఆడబిడ్డ:
ఆ తీర్పు నా వైపే ఉంది సార్. హెడ్ ఆఫీసు ఉన్న ఊళ్లోనే తగాదా పుడితే అక్కడే వేయాలి, బ్రాంచి ఉందని ప్రతివాదిని దూరం ఊరికి లాగొద్దు అన్నారు. వరంగల్ వ్యాపారి మార్కును వరంగల్‌లోనే కాపీ కొడితే కేసు వరంగల్‌లోనే నడవాలి.

విత్తనాల షాపు:
బీటీ పత్తి పేటెంట్ మీద మోన్‌శాంటో, నూజివీడు సీడ్స్ కొట్లాడింది ఢిల్లీ హైకోర్టులో, 2019లో సుప్రీంకోర్టులో. పత్తి మనది, ఫీజులు అక్కడి లాయర్లవి.

అదాలత్ పాత కోటు:
అదే నేను చెప్పేది. కేసు కాస్త పెద్దదైతే మన వ్యాపారే హైదరాబాద్ లాయర్‌ను పెట్టుకుంటాడు. ఆడబిడ్డా, మీరు అక్కడ కూర్చుని ఇక్కడి పిల్లలకు ఆశలు పెట్టకండి. ఊరు వదిలి పోయినవాళ్లు ఊరి గురించి చెప్పడమేంది?

ఓరుగల్లు ఆడబిడ్డ:
నేను ఇష్టపడి పోలేదు. హన్మకొండలో ఒక సీనియర్ దగ్గర పద్నాలుగు నెలలు చేశాను. ఒక కారప్పొడి మిల్లు వాళ్ల ప్యాకెట్‌ను పక్క మండలంలో ఒకతను అచ్చం అలాగే దించాడు, అదే ఎరుపు, అదే రోలు బొమ్మ. రెండు ప్యాకెట్లు బల్ల మీద పెట్టుకుని రాత్రి రెండింటి దాకా దావా రాసింది నేను. మధ్యవర్తిత్వానికి పోకుండా నేరుగా దావా వేయాలంటే అర్జెంటు ఇంజంక్షన్, అంటే అమ్మకం ఆపమనే కోర్టు ఉత్తర్వు, ఎందుకు కావాలో చూపించాలి, ఆ పేరాలు కూడా నావే. ఇంజంక్షన్ వచ్చింది. వకాలత్‌లో నా పేరు లేదు. నా చేతికి వచ్చింది బస్సు చార్జీలు. ఇక్కడ పని లేదనకండి సార్. చేసినవాళ్లకు డబ్బులు ఇవ్వరు.

కాజీపేట రైలు:
బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో జూనియర్లకు పట్నాల్లో నెలకు 20 వేలు, పల్లెల్లో 15 వేలు ఇమ్మని సీనియర్లకు సర్క్యులర్ పంపింది. ఎవరిస్తున్నారు?

అదాలత్ పాత కోటు:
నాకూ మా సీనియర్ ఇవ్వలేదు. నేను ముగ్గురికి పని నేర్పాను, ముగ్గురూ హైదరాబాద్ పోయారు. నిరుడు ఒక కమర్షియల్ దావాలో 120 రోజులు దాటిపోయాయి, జవాబు దావా దాఖలు చేసే హక్కే పోయింది. మామూలు దావా లెక్కన వాయిదా దొరుకుతుందనుకున్నా. పార్టీ నా మొహం చూడటం మానేశాడు. ఆఫీసులో తేదీలు చూసే మనిషి లేకనే అట్లయింది.

సుబేదారి జూనియర్:
సార్, నేను ఆ తేదీలు చూస్తాను. నెలకు ఎంత ఇస్తారు?

అదాలత్ పాత కోటు:
పదిహేను నాతో కాదు. ఎనిమిది వేలు, నువ్వు రాసిన దావాలో వకాలత్ మీద నీ పేరు. సోమవారం రా.

ఓరుగల్లు ఆడబిడ్డ:
పేరు సంగతి మొదటి రోజే కాగితం మీద రాయించుకో తమ్ముడూ.

కొత్తవాడ మగ్గం:
నా దరీల సంగతి ఎవరూ చెప్పలేదు.

సుబేదారి జూనియర్:
అన్నా, మీరు ముందు జీఐ చట్టం కింద ఆథరైజ్డ్ యూజర్‌గా, అంటే ఆ పేరు వాడుకునే హక్కున్నవారిగా నమోదు కావాలి. అప్పుడే మీ పేరున దావా వేయగలరు. నేసేవాళ్లు ఎంతమంది ఉన్నారు? ఆధార్లు, మగ్గాల ఫొటోలు తీసి పెట్టండి, ఆదివారం కొత్తవాడకు వస్తాను.