నీటి మధ్య పెప్టైడ్ గొలుసు ఎలా నిలిచింది?

ఇంటర్ విద్యార్థులకు రసాయనశాస్త్రం బోధించే నేను, జీవావిర్భావానికి సంబంధించిన ఒక సందేహం తీరక మీ సహాయం కోరుతున్నాను. మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి నింపిన గాజు పరికరంలో వారం పాటు విద్యుత్ మెరుపులు పుట్టించినప్పుడు, అందులోని నీరు మొదట గులాబీ రంగుకు, చివరకు ముదురు ఎరుపుకు తిరిగిందని, దానిలో గ్లైసిన్, అలనిన్ వంటి అమైనో ఆమ్లాలు (ప్రోటీన్ల నిర్మాణ భాగాలు) కనిపించాయని అమెరికా రసాయనశాస్త్రవేత్త స్టాన్లీ మిల్లర్ 1953లో ప్రకటించిన సంగతి పాఠంలో చెప్పాను. భూమి తొలి వాతావరణంలో మిల్లర్ వాడిన వాయువులు కాక కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్‌లే ఎక్కువగా ఉండేవన్న అభ్యంతరమూ నాకు తెలుసు. దానిని ప్రస్తుతానికి పక్కన పెడదాం.

చిక్కంతా ఆ తర్వాతి మెట్టు దగ్గరే. అమైనో ఆమ్లాలు ఒకదానికొకటి పెప్టైడ్ బంధంతో కలిసి గొలుసు కట్టేటప్పుడు, రెండు కలిసినప్పుడల్లా ఒక నీటి అణువు బయటికి పోవాలి కదా, మరి చుట్టూ సముద్రమే ఉంటే ఆ చర్య వెనక్కి నడిచి గొలుసు తెగిపోవడమే సహజం కాదా అని ఒక విద్యార్థిని అడిగితే, చేతిలో సుద్దముక్కతో అలాగే నిలబడిపోయాను.

ఎండుతూ తడుస్తూ ఉండే వేడినీటి గుంటల అంచులలో గొలుసులు పెరిగి ఉండవచ్చని చదివాను. అయితే ఎండినప్పుడు కట్టుకున్న గొలుసు మళ్ళీ తడిసేసరికి పూర్తిగా విడిపోకుండా ఆపేది ఏమిటి? జలవిశ్లేషణ (నీటితో చర్య వల్ల బంధం తెగడం) చాలా నెమ్మదిగా జరగడమే చాలునా, లేక బంకమట్టి పొరలు గానీ కొవ్వు ఆమ్లాల పొరలు గానీ అడ్డు నిలవాలా? చర్యా వేగాల లెక్కతో వివరించగలవారు దయచేసి తెలుపగలరు.