టెక్సస్ హైస్కూల్: తెలుగు పరీక్షతో రెండు భాషా క్రెడిట్లు తీసుకోవాలా, స్పానిష్ క్లాసులోనే కూర్చోబెట్టాలా?

కొత్తగా_టెక్సస్
మావాడు ఆగస్టులో 9వ తరగతిలో చేరుతున్నాడు. హైదరాబాద్‌లో 5వ తరగతి దాకా తెలుగు చదివాడు. మాట్లాడటం బాగానే వచ్చు, చదవడం నెమ్మది, రాయడం ఇంకా నెమ్మది. కౌన్సిలర్ ఇచ్చిన షెడ్యూల్‌లో స్పానిష్ 1 ఉంది. తెలుగులో పరీక్ష రాస్తే రెండు క్రెడిట్లూ వచ్చేస్తాయని కొందరు, అలా చెల్లదని కొందరు అంటున్నారు. బ్యాండ్ నాలుగేళ్లూ ఉంటాడు, ఇంజినీరింగ్ వైపు ఎండార్స్‌మెంట్ (ఒక రంగం ఎంచుకుని చదివినట్టు డిప్లొమాలో గుర్తింపు), డిస్టింగ్విష్డ్ లెవెల్ (డిప్లొమాలో పై స్థాయి) కావాలి. ఏం చేయమంటారు?

డాలస్_సుబ్బు
చెల్లుతుందండీ. ముందు మొత్తం లెక్క చూసుకోండి. ఫౌండేషన్ ప్రోగ్రామ్‌కి, అంటే మామూలు డిప్లొమాకి, 22 క్రెడిట్లు (ఏడాది కోర్సుకి ఒకటి): ఇంగ్లీష్ 4, లెక్కలు 3, సైన్స్ 3, సోషల్ 3, ఇంగ్లీష్ కాని భాష 2, పీఈ (వ్యాయామం) 1, ఫైన్ ఆర్ట్స్ 1, ఎలెక్టివ్‌లు 5. ఎండార్స్‌మెంట్‌కి నాలుగో లెక్కలు, నాలుగో సైన్స్, ఇంకో రెండు ఎలెక్టివ్‌లు కలిపితే 26. డిస్టింగ్విష్డ్ కావాలంటే ఎండార్స్‌మెంట్ ఉండాలి, ఆ నాలుగు లెక్కల్లో ఆల్జీబ్రా 2 ఉండి తీరాలి. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) ఎండార్స్‌మెంట్ అయితే కెమిస్ట్రీ, ఫిజిక్స్ కూడా తప్పవు.

భాష 2 అంటే ఒకే భాషలో లెవెల్ 1, లెవెల్ 2. అది స్పానిషే అయి ఉండాలని ఎక్కడా లేదు. కాలేజీ బోర్డు వాళ్లు పెట్టే ఏపీ, క్లెప్ పరీక్షలు తెలుగుకి లేవు. అవాంట్ అనే సంస్థ పెట్టే భాషా పరీక్ష స్టాంప్ డబ్ల్యూఎస్ ఉంది. అందులో రాయడం, మాట్లాడటం రెండే భాగాలు. మీ స్కూల్ డిస్ట్రిక్ట్ ఆ పరీక్షని ఒప్పుకుంటుందో లేదో కనుక్కోండి. ఒప్పుకుంటే రెండేళ్ల స్పానిష్ పీరియడ్ మీ చేతికొస్తుంది. మాట్లాడే భాష చేతిలో ఉన్న పిల్లాణ్ణి మళ్లీ ఇంకో భాషలో రంగులూ అంకెలూ నేర్చుకోమనడం దేనికి?

బడి_పలక
సుబ్బు గారూ, ఒక్క ముక్కలో తేల్చేయకండి. ఆ కోర్సు ఎన్నడూ చదవని పిల్లలకి క్రెడిట్ ఇవ్వాలంటే పరీక్షలో 80 శాతం రావాలి. క్లాసులో కూర్చుని క్రెడిట్ పోగొట్టుకున్నవాళ్లకి 70. మీవాడు మొదటి రకం. ఒక్కో కోర్సుకి రెండే ప్రయత్నాలు. వచ్చిన స్కోరు ట్రాన్‌స్క్రిప్ట్‌లో (కాలేజీలకి పంపే మార్కుల రికార్డులో) ఎక్కుతుంది.

పైగా అసలు చిక్కు రాసే భాగంలో ఉంది. జవాబు తెలుగు లిపిలో టైపు చేయాలి. ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటు ఉన్న పిల్లలు అక్కడే ఆగిపోతారు. "వెళ్ళాను" అని నోటితో అనడానికి అర సెకను చాలు. ళ కింద ళ ఒత్తు పెట్టి, దీర్ఘం ఇచ్చి, తర్వాతి అక్షరానికి వెళ్లేలోపు చెప్పాలనుకున్న రెండో వాక్యం మర్చిపోతారు. అలా మూడు పొట్టి వాక్యాలు రాసి ఆపేస్తే, ఎంత తప్పుల్లేకుండా రాసినా స్థాయి పైకి లేవదు. వాళ్లు చూసేది వాక్యాలు కలిపి వివరంగా చెప్పగలడా అన్నది.

డాలస్_సుబ్బు
స్టాంప్‌లో శాతాలు ఉండవు. లెవెల్స్ ఉంటాయి. 3 అంటే నావిస్ హై (ప్రారంభ దశలో పై మెట్టు), 4 అంటే ఇంటర్మీడియట్ ‘లో’ (మధ్య దశలో కింది మెట్టు), 5 అంటే ఇంటర్మీడియట్ మిడ్. లెవెల్ 2 కోర్సు అయ్యేసరికి పిల్లలు నావిస్ హైకీ ఇంటర్మీడియట్ ‘లో’కీ మధ్య ఉండాలని రాష్ట్ర సిలబస్సే చెబుతోంది. మీ 80 దీనికి ఎలా అతుకుతుంది?

బడి_పలక
80 నాది కాదు, నిబంధనది. డిస్ట్రిక్ట్ ఏ పరీక్ష పెట్టినా దాన్ని బోర్డు ఆమోదించాలి, ఎంత వస్తే పాస్ అన్నది కాగితం మీద ఉండాలి.

డాలస్_సుబ్బు
ఉంటుంది. చార్టు రూపంలో. ఏ లెవెల్‌కి ఎన్ని క్రెడిట్లో అందులోనే రాసి ఉంటుంది. శాతం అడగరు.

బడి_పలక
ఆ చార్టు ఒక్కో డిస్ట్రిక్ట్‌లో ఒక్కోలా ఉంటుంది. "చెల్లుతుంది" అన్న మీ మొదటి మాట దానికి లోబడే ఉంటుంది కదా.

శ్రావణి_టీ
80 దగ్గరే ఆగిపోయారు ఇద్దరూ. చార్టు పంపమని కౌన్సిలర్‌కి మెయిల్ పెడితే సరిపోతుంది.

ప్లేనో_పిన్ని
స్పానిష్ బదులు కంప్యూటర్ సైన్స్ రెండు క్రెడిట్లు తీసుకోవచ్చటగా? మా పక్కింటివాళ్లు అదే చేస్తున్నారు.

లెక్కల_మేష్టారు
పిన్నిగారూ, డిప్లొమా వరకు సరే, ప్రోగ్రామింగ్ రెండు క్రెడిట్లు భాష కింద రాష్ట్రం ఒప్పుకుంటుంది. చాలా యూనివర్సిటీలు అడ్మిషన్ దగ్గర ఒప్పుకోవు. గ్రాడ్యుయేషన్ నిబంధన వేరు, అడ్మిషన్ నిబంధన వేరు. కాలిఫోర్నియాలోనూ ఇంతే. డీ గ్రేడ్‌తో హైస్కూల్ క్రెడిట్ వస్తుంది, యూసీ (అక్కడి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) మాత్రం ప్రవేశానికి తప్పనిసరైన ఏ-జీ కోర్సుల్లో సీ గానీ అంతకు పైన గానీ అడుగుతుంది. ఆ జాబితాలో భాష కనీసం రెండేళ్లు, మూడేళ్లయితే మంచిదని కూడా వాళ్లే అంటారు.

కూచిపూడి_మదర్
డాన్స్ క్లాసుకి పీఈ క్రెడిట్ ఇస్తారా? వారానికి ఐదు గంటలు నేర్చుకుంటోంది.

లెక్కల_మేష్టారు
డిస్ట్రిక్ట్‌లో ఆఫ్ క్యాంపస్ పీఈ (బడి బయట నేర్చుకున్నదానికి పీఈ క్రెడిట్) ఉంటే అడగండి. వారానికి 5 గంటలు కనీసం, ఇది రెండో కేటగిరీ. మొదటిది 15 గంటలు, ఒలింపిక్ స్థాయి శిక్షణకి. సెమిస్టర్ మొదలయ్యే ముందే ఆమోదం తీసుకోవాలి. గడిచిపోయిన గంటలకి తర్వాత కాగితం తెస్తే లెక్కపెట్టరు.

డాలస్_సుబ్బు
అసలు విషయానికి వద్దాం. బ్యాండ్ నాలుగేళ్లు, ఇంజినీరింగ్, నాలుగు సైన్సులు. వీటి మధ్య స్పానిష్ ఎక్కడ పెడతారు? చోటు లేక పిల్లలు బ్యాండ్ మానేస్తున్నారు. అందుకే పరీక్ష అంటున్నాను.

లెక్కల_మేష్టారు
చోటు ఉంది సుబ్బు గారూ, లెక్కేద్దాం. రోజుకి ఏడు పీరియడ్లు, నాలుగేళ్లకి 28. ఇంగ్లీష్ 4, లెక్కలు 4, సైన్స్ 4, సోషల్ 3, బ్యాండ్ 4, ఇంజినీరింగ్ నాలుగేళ్లూ తీసుకున్నా 4, పీఈ 1, స్పానిష్ 2. మొత్తం 26. ఫైన్ ఆర్ట్స్ బ్యాండ్‌లోనే తీరిపోతుంది. మార్చింగ్ బ్యాండ్‌ని పీఈ కింద డిస్ట్రిక్ట్ లెక్కపెడితే ఆ ఒక్కటీ మిగలొచ్చు. అది వదిలేసినా ఇంకా రెండు ఖాళీ. హెల్త్, స్పీచ్ అర క్రెడిట్ చొప్పున అడిగే డిస్ట్రిక్ట్ అయితే ఒకటి పోతుంది. అప్పటికీ ఒకటి ఖాళీ.

చోటు సమస్య కాదు. జీపీఏ (గ్రేడ్ల సగటు, ర్యాంకు దీన్ని బట్టే) సమస్య. ఉదాహరణకి అడ్వాన్స్‌డ్ క్లాసులో ఏ గ్రేడ్ వస్తే 5, మామూలు క్లాసులో ఏ గ్రేడ్ వస్తే 4 అనుకుందాం. ఆరు అడ్వాన్స్‌డ్, ఒక స్పానిష్ 1, అన్నిట్లో ఏ: 34ని 7తో భాగిస్తే 4.857. స్పానిష్ తీసేసి, జీపీఏలోకి రాని పీరియడ్ పెడితే 30ని 6తో భాగిస్తే 5.0. పిల్లాడు ఒక్క మార్కు ఎక్కువ తెచ్చుకోలేదు, ర్యాంకు పెరిగింది. పరీక్షతో వచ్చిన క్రెడిట్‌ని జీపీఏలో కలపని డిస్ట్రిక్ట్‌లో జరిగేది ఇదే.

బడి_పలక
ఇదీ సంగతి. భాష మీద ప్రేమా కాదు, పీరియడ్లూ కాదు. ఏటా మార్చిలో మా ఆదివారం తెలుగు బడికి ఫోన్లు మొదలవుతాయి, "మూడు నెలల్లో పరీక్షకి తయారు చేస్తారా" అని. మే చివరికి ఫలితం వస్తుంది. జూన్ నుంచి ఆ పిల్లలు బడికి రారు. చిన్నప్పటినుంచి వస్తున్నవాళ్లు కూడా క్రెడిట్ వచ్చిన వారమే మానేస్తున్నారు. తెలుగుని మీరు స్పానిష్ తప్పించుకునే దారిగా వాడుతున్నారు.

డాలస్_సుబ్బు
అవును, ర్యాంకు కోసమే. దాచాల్సిన పనేముంది? యూటీ ఆస్టిన్ (ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) 2026 అడ్మిషన్ల నుంచి ఆటోమేటిక్ ప్రవేశం మొదటి 5 శాతానికి కుదించింది, అంతకుముందు 6. పదకొండో తరగతి చివర ఉన్న ర్యాంకే చూస్తారు. వెయ్యి మంది ఉన్న క్లాసులో 50వ వాడికీ 51వ వాడికీ తేడా మూడో దశాంశంలో ఉంటుంది. స్పానిష్ 1లో ఏ తెచ్చుకున్నందుకు పిల్లాడు వెనక్కి జరగడం న్యాయమా? ఆ పద్ధతి మేం పెట్టలేదు.

ఇంకో మాట. ఈ బడుల్లో తెలుగు క్లాసు లేదు. పిల్లాడికి వచ్చిన తెలుగు స్కూలు కాగితం మీద కనబడే చోటు ఆ పరీక్ష ఒక్కటే. అది రాయించడం తెలుగుకి అవమానం ఎలా అవుతుంది?

బడి_పలక
కనబడటం మంచిదే, కాదనను. అయితే రెండు క్రెడిట్ల దగ్గర ఎందుకు ఆపుతున్నారు? నాలుగు లెవెల్ కోర్సులకీ తయారు చేయించండి. జాతీయ స్థాయి పరీక్షలో ఇంటర్మీడియట్ హై వచ్చి, ఇంగ్లీష్‌లో 80 సగటు ఉంటే డిప్లొమాలో బైలింగ్వలిజం (రెండు భాషలు వచ్చన్న) గుర్తింపు ఇస్తారు. దానికి మూడు నెలలు చాలవు, రెండు మూడేళ్లు చదవాలి. ఆ మాట చెబితే ఫోన్ పెట్టేస్తారు. నా పోట్లాట అక్కడ. 80 మీద కాదు.

డాలస్_సుబ్బు
తల్లిదండ్రులు రెండు చాలనుకుంటే అది వాళ్ల ఇష్టం. భాష నిలబెట్టే బాధ్యత పధ్నాలుగేళ్ల పిల్లాడి షెడ్యూల్ మీద పెట్టకండి.

శ్రావణి_టీ
క్రెడిట్లు అన్నీ ఉన్నా ఈఓసీలు (కోర్సు చివర రాష్ట్రం పెట్టే పరీక్షలు) మర్చిపోకండి: ఆల్జీబ్రా 1, బయాలజీ, ఇంగ్లీష్ 1, అమెరికా చరిత్ర లాంటివి. కొత్తగా వచ్చిన పిల్లలకి ఎక్కువ ఇబ్బంది ఇంగ్లీష్‌లో.

కొత్తగా_టెక్సస్
అందరికీ థ్యాంక్స్. కౌన్సిలర్ చార్టు పంపారు. రాయడం, మాట్లాడటం రెండిట్లో తక్కువ వచ్చిన దాన్నే లెక్కపెడతారట. రెండు క్రెడిట్లకి లెవెల్ 4. తర్వాతి పరీక్ష అక్టోబరు తర్వాతే. అప్పటిదాకా స్పానిష్ 1 ఉంచమంటున్నారు. పాస్ అయితే మధ్యలో మానేయొచ్చా?

లెక్కల_మేష్టారు
డ్రాప్ తేదీ (కోర్సు మానేయడానికి గడువు) ముందు చూసుకోండి. ఆ తేదీ దాటాక మానేస్తే గ్రేడ్ ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉండిపోయే ప్రమాదం ఉంది. అక్టోబరులో రాస్తే డిసెంబరు దాకా ఉండి, ఒక సెమిస్టర్ అర క్రెడిట్ తీసుకుని, జనవరిలో మార్చుకోవడం మేలు. ఆ అర క్రెడిట్ ఎలెక్టివ్ కింద పనికొస్తుందా అని కూడా అడగండి. పరీక్షతో వచ్చిన క్రెడిట్ జీపీఏలో కలుస్తుందా అన్నది మెయిల్‌లోనే అడగండి. నోటిమాట మీద షెడ్యూల్ మార్చుకోవద్దు.

బడి_పలక
లెవెల్ 4, పైగా తక్కువ వచ్చినదే లెక్క అంటే రాసే భాగమే మీవాడికి గండం. పరీక్షలో ఏ కీబోర్డ్ వస్తుందో ముందే కనుక్కుని దాని మీదే రోజూ పావుగంట టైపు చేయించండి. ఒకే విషయం మీద ఎనిమిది పది వాక్యాలు, "ఎందుకంటే", "అయితే", "ఆ తర్వాత" లాంటివి వాడి కలుపుతూ రాయాలి. ఒత్తులున్న మాటలు వేరే పేజీలో రాసిపెట్టండి: బళ్ళు, అమ్మమ్మ, స్నేహితుడు, ప్రయాణం. క్రెడిట్ వచ్చాక కూడా ఆ పేజీ కొనసాగించమనే నేనంటాను. సుబ్బు గారు వద్దంటారు.

డాలస్_సుబ్బు
నేను వద్దనలేదు. క్రెడిట్ వచ్చాక అది స్కూలు పని కాదంటున్నాను, అంతే.