ఎగిరే బంతి అసైన్‌మెంట్: బంతి నేలకు అతుక్కుంటోంది, పైన బెలూన్‌లా తేలుతోంది

కొత్తకీఫ్రేమ్

యానిమేషన్ క్లాసులో టైమింగ్ (కదలికకు ఎన్ని ఫ్రేములు), స్పేసింగ్ (ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య ఎంత దూరం), స్క్వాష్-స్ట్రెచ్ (అణచడం, సాగదీయడం) అయ్యాక బంతి ఎగిరే అసైన్‌మెంట్ ఇచ్చారు. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నాను, సెకనుకు 24 ఫ్రేములు. బంతి వ్యాసం 20 సెం.మీ. మొదట 120 సెం.మీ. నుంచి పడుతుంది, తర్వాత 60కి, ఆ తర్వాత 30కి లేస్తుంది. 1వ ఫ్రేములో పైన, 13లో నేల, 25లో పైన, 37లో నేల, 49లో పైన, 61లో నేల. ఇవీ నా కీలు, అంటే బంతి ఎక్కడుండాలో నేను పెట్టిన ఫ్రేములు. నేల తాకిన ప్రతిచోటా ఎత్తును 0.6కి నొక్కాను. అయినా నేల దగ్గర జిగురు అంటినట్టు ఆగుతోంది, చివరి ఎగుర్లలో గాల్లో తేలుతోంది. స్క్వాష్ ఇంకా పెంచమంటారా? పైగా నొక్కిన ఫ్రేములో బంతి నేల మీంచి కాస్త పైకి లేస్తోంది, అదెందుకో అర్థం కావట్లేదు.

గ్రాఫ్‌పిచ్చి

పెంచడం కాదు, ముందు స్క్వాష్ మొత్తం తీసేయండి. గట్టి గోళీలా ఎగిరినా నమ్మేలా ఉండాలి. అది కుదిరాకే స్క్వాష్ సంగతి.

జిగురుకు కారణం హ్యాండిళ్లు, అంటే కీ దగ్గర కదలిక గీత (కర్వ్) వంపును నిర్ణయించే పిడులు. బ్లెండర్ కొత్త కీకి ఆటో క్లాంప్డ్ హ్యాండిల్ ఇస్తుంది. కర్వ్‌లో ఎత్తైన చోటా, లోతైన చోటా దాన్ని అడ్డంగా పడుకోబెడుతుంది. పైన అది మనకు కావలసిందే, అక్కడ బంతి నెమ్మదించాలి. కింద మాత్రం బంతి అత్యంత వేగంగా ఉండాల్సిన క్షణంలో బ్రేకు వేసినట్టవుతుంది. గ్రాఫ్ ఎడిటర్‌లో ఎత్తు కర్వ్ తెరిచి, నేల కీలు మాత్రమే ఎంచుకుని, కీబోర్డులో వి నొక్కి ఫ్రీ (రెండు వైపులా విడివిడిగా తిరిగే హ్యాండిల్) పెట్టండి. నేల దగ్గర కర్వ్ కింద మొన తేలిన కోణంలా కనిపించాలి, గిన్నె అడుగులా కాదు. వెక్టర్ (పక్క కీ వైపు నేరుగా చూసే హ్యాండిల్) పెట్టినా కోణం వస్తుంది గానీ వేగం చాలదు.

హ్యాండిల్ ఎక్కడ పెట్టాలో కంటితో వెతుక్కోనక్కర్లేదు. పడే సమయం 12 ఫ్రేములు కదా, పై కీ హ్యాండిల్ అడ్డంగా 4 ఫ్రేముల పొడవు. నేల కీ ఎడమ హ్యాండిల్ 4 ఫ్రేములు వెనక్కి, ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గర, అంటే 80 సెం.మీ. వద్ద. అంతే, సరిగ్గా గురుత్వాకర్షణ గీసే పారాబోలా వస్తుంది. మిగతా ఎగుర్లకూ ఇదే లెక్క.

ఇక తేలడం. ఎత్తు సగానికి సగం తగ్గిస్తూ, సమయం మాత్రం ప్రతిసారీ 12 ఫ్రేములే ఇచ్చారు. సమయం ఎత్తు వర్గమూలాన్ని బట్టి తగ్గుతుంది. ఎత్తు సగమైతే సమయం దాదాపు 0.7 రెట్లు. 120కి 12 ఫ్రేములైతే 60కి ఎనిమిదిన్నర, 30కి 6, 15కి 4 చిల్లర. నేల కీలు 13, 30, 42, 50, 56 దగ్గర పెట్టి చూడండి. 13కీ 30కీ మధ్య శిఖరం 21లో పెట్టినా 22లో పెట్టినా ఫర్వాలేదు, అర ఫ్రేమ్ తేడాను కన్ను పట్టుకోదు.

ముందుకు కదిలే ఎక్స్ కర్వ్‌లో మొదట ఒక కీ, చివర ఒక కీ చాలు, లీనియర్‌గా, అంటే ఒకే వేగంతో. ప్రతి నేల దగ్గరా ఎక్స్‌కి కీ పెట్టేసి, బంతి కుంటుతూ పోతోందని బాధపడేవాళ్లే ఎక్కువ.

లైట్‌బాక్స్

పై లెక్కకు ఒప్పుకుంటాను. కానీ కంప్యూటర్ మీద కర్వ్ లాగే ముందు ఒకసారి కాగితం మీద గీయండి, స్పేసింగ్ అంటే ఏమిటో అప్పుడే చేతికి తెలుస్తుంది. ఆ 12 ఫ్రేములను రెండేసి చొప్పున గీస్తే ఆరు ఎడాలు వస్తాయి. వాటి నిష్పత్తి 1, 3, 5, 7, 9, 11, మొత్తం 36. 120 సెం.మీ.ను ఆ లెక్కన పంచితే మొదటి ఎడం 3.3 సెం.మీ., చివరిది దాదాపు 37.

మీ బంతి వ్యాసం 20. 37 సెం.మీ. దూకితే రెండు బొమ్మల మధ్య ఖాళీ కనబడి కదలిక అదురుతుంది. నేల దగ్గరి భాగాన్ని ఫ్రేముకో బొమ్మగా గీస్తే చివరి ఎడం 19 సెం.మీ.కి దిగుతుంది, బొమ్మలు ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. స్ట్రెచ్ ఉన్నది ఈ ఖాళీని పూడ్చడానికే. వేగం లేని చోట, ముఖ్యంగా శిఖరం దగ్గర, స్ట్రెచ్ చేస్తే బంతి కాస్తా గుడ్డు అవుతుంది.

నేల తాకే మొదటి ఫ్రేములో నొక్కకండి. సాగిన బంతి నేలను తాకాలి, తర్వాతి ఫ్రేములో అణగాలి, ఆ పైది సాగి లేవాలి. తాకడం కనబడకుండా అణిగితే దెబ్బ తెలియదు. చిన్న ఎగుర్లకు మాత్రం ఈ అదనపు ఫ్రేములు ఇవ్వొద్దు, మళ్లీ జిగురు మొదలవుతుంది.

రిగ్గుమనిషి

నొక్కినప్పుడు లేవడం గురించి ఎవరూ చెప్పలేదు. స్కేల్ బంతి కేంద్రం నుంచి జరుగుతోంది. వ్యాసార్ధం 10, దాన్ని 0.6 చేస్తే 6. అడుగు 4 సెం.మీ. పైకి పోతుంది. రెండు ఎంప్టీలు (రెండర్‌లో కనబడని ఖాళీ వస్తువులు) పెట్టండి: బయటిది కదలికకు, దాని కింద బంతి అడుగు బిందువు దగ్గర ఇంకొకటి స్క్వాష్‌కి. బంతిని రెండోదానికి పేరెంట్ చేసి (అది మారితే బంతీ మారేలా కట్టి), దొర్లే రొటేషన్ బంతి మీదే ఉంచండి. రొటేషన్, స్కేల్ ఒకే వస్తువు మీద ఉంటే బంతి తిరిగేకొద్దీ అణిగిన వైపు కూడా తిరిగిపోతుంది.

ఘనపరిమాణం కూడా మారకూడదు. జెడ్ (ఎత్తు) 0.6 అయితే ఎక్స్, వై (అడ్డం దిశలు) రెండూ 1.29 ఉండాలి. రబ్బరు బంతికి 0.6 మరీ ఎక్కువ, 0.8 చాలు, అప్పుడు ఎక్స్, వై 1.12. కాగితం మీద వెడల్పు ఒక్కటే కాబట్టి 0.8కి 1.25.

కొత్తకీఫ్రేమ్

నేల కీలు ఫ్రీ చేసి ఫ్రేములు మార్చాక జిగురూ పోయింది, తేలడమూ పోయింది. థ్యాంక్సండీ. తర్వాతి అసైన్‌మెంట్ బౌలింగ్ బంతి, టేబుల్ టెన్నిస్ బంతి పక్కపక్కన. బరువైనదాన్ని తక్కువ ఫ్రేముల్లో పడేయాలా?

గ్రాఫ్‌పిచ్చి

వద్దు. ఒకే ఎత్తు నుంచి వదిలితే రెండూ దాదాపు ఒకేసారి నేలకు చేరతాయి. 6 ఫ్రేముల్లో 30 సెం.మీ., 12 ఫ్రేముల్లో 1.2 మీటర్లు, 24లో 4.9 మీటర్లు. ఫ్రేములు తగ్గిస్తే బరువు పెరగదు, సెట్టు చిన్నదై బొమ్మలాటలా కనిపిస్తుంది.

బరువు తెలిసేది తాకాక. బౌలింగ్ బంతి రెండు మూడు సెంటీమీటర్లు లేచి, ఇంకోసారి తడబడి, దొర్లుతుంది. స్క్వాష్ సున్నా. దొర్లడం మొదలెట్టాక త్వరగా ఆపేయకండి. టేబుల్ టెన్నిస్‌లో బల్ల నిబంధనే ఉంది, 30 సెం.మీ. నుంచి వదిలితే దాదాపు 23 లేవాలి. అంటే ఎగురు ఎగురుకూ సమయం 0.88 రెట్లే తగ్గుతుంది. పడటానికి 6 ఫ్రేములు, తర్వాత నేల నుంచి నేలకు సుమారు 10, 9, 8 అలా టకటకా సాగుతుంది.

చూసేటప్పుడు ప్లేబ్యాక్ మెనూలో సింక్‌ని ఫ్రేమ్ డ్రాపింగ్‌కి మార్చండి. ప్లే ఎవ్రీ ఫ్రేమ్ మీద ఉంటే సీను బరువెక్కినప్పుడు 24కి బదులు 15తో ఆడుతుంది, మీరేమో బాగున్న టైమింగ్‌ను దిద్దుతూ కూర్చుంటారు.