అరిజోనా నుంచి వచ్చాక తగ్గని దగ్గు, టీబీ కాకుండా ఇంకేమైనా కావచ్చా?

పలమనేరు కోడలు:
మా మామయ్యకు 64 ఏళ్లు, షుగర్ ఉంది. ఫీనిక్స్‌లో మా బావగారి దగ్గర ఆరు నెలలు ఉండి పోయిన నెల వచ్చారు. వచ్చిన పది రోజులకే జ్వరం, పొడి దగ్గు, రాత్రిళ్లు చెమటలు, కీళ్ల నొప్పులు. యాంటీబయాటిక్స్ రెండు కోర్సులు వాడినా లొంగలేదు. ఎక్స్‌రేలో మచ్చ ఉంది, టీబీ మందులు మొదలుపెడదామంటున్నారు. కఫంలో టీబీ క్రిమి మాత్రం దొరకలేదు. ఇంటిల్లిపాదికీ టెన్షన్‌గా ఉంది.

చంద్రగిరి వాసి:
అక్కా, ఆయన ఫీనిక్స్‌లో ఉండొచ్చిన సంగతి డాక్టర్‌కి చెప్పారా? నేను అరిజోనాలోనే టూసాన్‌లో నాలుగేళ్లు పనిచేశాను. అక్కడి మట్టిలో కాక్సిడియాయిడిస్ అనే ఫంగస్ ఉంటుంది. లేచిన దుమ్ము పీల్చిన 1 నుంచి 3 వారాల్లో మీరు రాసినట్టే మొదలవుతుంది. వ్యాలీ ఫీవర్ అంటారు. నాకూ వచ్చింది. రక్తంలో యాంటీబాడీ పరీక్షతో తేలింది. మందు లేకుండానే తగ్గింది కానీ నీరసం రెండు నెలలు వదల్లేదు. షుగర్ ఉన్నవాళ్లకు ముదిరే అవకాశం ఎక్కువ, ఆలస్యం చేయకండి. ఇది మనిషి నుంచి మనిషికి అంటదు. అయినా టీబీ కాదని తేలేదాకా ఆయనకు మాస్క్ పెట్టండి.

తిరుపతి ల్యాబ్:
కఫంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్‌కి పంపితే ఈ అనుమానం చీటీ మీద తప్పక రాయించండి. ప్లేటులో పెరిగిన ఈ ఫంగస్ గాలిలోకి లేస్తే పనిచేసేవాళ్లకే ప్రమాదం. దయచేసి మరవొద్దు.

పుంగనూరు రైతుబిడ్డ:
అమెరికా వెళ్లకపోయినా ఊపిరితిత్తుల్లో ఫంగస్ రావచ్చు. మా నాయనకు టీబీ నయమైన మూడేళ్లకు దగ్గులో రక్తం పడింది. మళ్లీ టీబీయేనని రెండు నెలలు అవే బిళ్లలు మింగించారు. ఆ రెండు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ బాధే. చివరికి రాయవెల్లూరు తీసుకెళ్తే, పాత టీబీ మిగిల్చిన గుంతలో ఆస్పర్జిల్లస్ అనే ఫంగస్ పెరిగిందని సీటీ స్కాన్, ఐజీజీ (యాంటీబాడీ) రక్త పరీక్షల్లో తెలిసింది. ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు ఇచ్చారు. ఆ క్యాప్సూల్ అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి, గ్యాస్ మాత్రలు వాడితే ఒంటికి సరిగా పట్టదు. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ కూడా దాని బలాన్ని బాగా తగ్గిస్తుంది. గుండె బలహీనంగా ఉంటే ముందే చెప్పాలి.

పలమనేరు కోడలు:
అన్నా, ఫీనిక్స్ మాట డాక్టర్‌గారు అడగలేదు, మేమూ చెప్పలేదు. రేపే తిరుపతి వెళ్తున్నాం.

పలమనేరు కోడలు (మూడు వారాల తర్వాత):
వ్యాలీ ఫీవరేనని తేలింది. ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మందు మొదలైంది, కనీసం 3 నెలలు వాడాలన్నారు. దాంతో కలిస్తే షుగర్ మరీ పడిపోవచ్చని ఆయన వాడే షుగర్ మాత్ర గ్లిమెపిరైడ్ మోతాదు తగ్గించారు. నాలుగు రోజులుగా జ్వరం లేదు, నిన్న రెండు సంగటి ముద్దలు తిన్నారు. అత్తమ్మ కూడా ఆయనతోపాటు అక్కడే ఉన్నారు. ఆమెకూ పరీక్ష చేయించాలా?

చంద్రగిరి వాసి:
చాలా సంతోషం అక్కా. అత్తమ్మకు జ్వరం, దగ్గు లేకపోతే ఇప్పుడు అక్కర్లేదు. సగానికి పైగా మందికి ఏ లక్షణమూ కనబడదు. దగ్గు మొదలైతే మాత్రం ఈసారి ముందుగా ఫీనిక్స్ మాటే చెప్పండి.