అప్‌డేట్: ఆల్-ఇన్-వన్ కాదు, మానిటర్ వెనక మినీ పీసీ

గుంటూరు మిర్చి యార్డు దగ్గర మా బాబాయి కొట్లో లెక్కలకి ఆల్-ఇన్-వన్ (స్క్రీన్‌లోనే కంప్యూటరంతా ఇమిడి ఉండేది) కొనాలా, మానిటర్ విడిగా తీసుకోవాలా అని అడిగింది నేనే. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

బల్ల చిన్నది, వైర్లు కనపడకూడదని బాబాయి పట్టు. కానీ "స్క్రీన్ పోతే మొత్తం పెట్టె సర్వీసుకి వెళ్తుంది" అన్న ఒక్క మాటకి మెత్తబడ్డాడు. సీజన్‌లో బిల్లులు చేత్తో రాసుకుంటూ కూర్చోవడం ఎవరివల్ల అవుతుంది!

చివరికి మినీ పీసీని, అంటే చిన్న పెట్టెలా ఉండే కంప్యూటర్‌ని, 24 అంగుళాల మానిటర్ వెనక బిగించాం. ఇదే చేసేవాళ్లు కొనేముందు మానిటర్‌ని వెనక్కి తిప్పి, పీసీ బిగించడానికి వెసా మౌంట్ ఉందా, ఖాళీగా ఉందా చూడండి. వెసా మౌంట్ అంటే ఇలాంటి మానిటర్లకి మామూలుగా 75 లేదా 100 మి.మీ. ఎడంతో ఉండే నాలుగు రంధ్రాలు. షాపతను ముందు చూపించిన మోడల్లో స్టాండే ఆ రంధ్రాల్లో బిగించి ఉంది, ఇక పీసీ ఎక్కడ పెడతాం? అందుకే స్టాండుని మానిటర్ కిందభాగానికి తగిలించే మోడల్ తీసుకున్నాం, ఆ రంధ్రాలు ఖాళీగా ఉంటాయి. పీసీని బిగించే బ్రాకెట్ దాంతోనే వచ్చింది, కొన్నిటికి విడిగా కొనాలట.

గ్రాఫిక్స్ కార్డు విడిగా కావాలా అని అప్పుడు జరిగిన చర్చంతా మాకు అనవసరమే అయింది. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీకి పీసీ లోపలున్న గ్రాఫిక్సే చాలు. ఆల్-ఇన్-వన్‌లో కెమెరా కూడా వచ్చేది, ఇందులో లేదు. బాబాయికి దాంతో పనిలేదు.