అప్‌డేట్: నాపరాయి మీద ‘ఫెర్న్ ఆకు’ శిలాజం కాదట!

పోయిన వారం అడిగాను కదా, మేడ మెట్లకి తెప్పించిన బేతంచర్ల నాపరాళ్లలో ఒకదాని మీద నల్లగా, అచ్చం ఫెర్న్ ఆకులా ఉన్న ముద్ర ఏమిటని. శిలాజం కాదని, అది డెండ్రైట్ (రాతి పగుళ్లలో ఖనిజం చెట్టు కొమ్మల్లా పేరుకుని ఏర్పడే ముద్ర) అని చెప్పినవాళ్లే కరెక్టు.

లెన్స్ పెట్టి చూస్తే ఆకుకి ఈనెలు లేవు, నడిమి కాడా లేదు, కొమ్మలన్నీ రాయి అంచున ఉన్న సన్నటి పగులు దగ్గరే మొదలై లోపలికి పాకాయి. మాంగనీసు కలిసిన నీళ్లు పొరల మధ్యకి ఇంకి, అక్కడ మాంగనీసు ఆక్సైడ్ కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటే ఇలాగే అవుతుందట. మీలో ఒకరు చెప్పినట్టు మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక చుక్క వేశా. నల్లటి చోట మాత్రమే బుసబుసా నురగ వచ్చింది! (మాంగనీసు ఆక్సైడ్ తగిలితే పెరాక్సైడ్‌లోంచి ఆక్సిజన్ విడిపోతుంది, అందుకే.)

అయినా నేల మీద మొక్కలు పుట్టిందే దాదాపు 47 కోట్ల ఏళ్ల కిందట, ఈ రాయి అంతకన్నా చాలా పాతది. ఈ ముక్క ముందే తెలిస్తే మా మేస్త్రీతో అంత వాదన ఉండేది కాదు. ఆ బండ మాత్రం మెట్లకి వేయనివ్వలేదు, గుమ్మం పక్కన నిలబెట్టా.